కోలాటపు ఉడుపు (పొదిలి సీమ)

కోలాటము, చెక్కభజన మున్నగు సామూహిక నృత్యములయందు పాల్గొనువారు తమ యిండ్లలో కత్తిరించి కుట్టుకొను దుస్తులను, కాలి గజ్జెల పట్టీలను కలిపి ఈ వ్యాసమున కోలాటపు ఉడుపు అని వ్యవహరించుచున్నాము. ఒంగోలు నుండి మార్కాపురమునకు పోవు మార్గమున, మెట్టపొలముల నడుమ నున్న పొదిలి 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లా యేర్పడు వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ క్రొత్త జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడినది. పత్తి తీతలు ముగిసి, మిరపకాయలు కళ్ళములలో ఎఱ్ఱగా ఎండుచుండు దినములలో కూలి డబ్బులు చేత నాడును, రాత్రులు తీరిక చిక్కును. శివరాత్రికిని, శ్రీరామనవమికిని జరుగు తిరునాళ్ళకై గుడ్డ కొనుటయు, కుట్టుటయు, కోపులు నేర్చుటయు ఈ కాలముననే సాగును. కోపు అనగా అడుగుల వరుస. ఎదుట నిలిచి కోల తాకించు జతకు ఉద్ది యని పేరు. కోపునకు అడ్డురాని కత్తిరింపు, ఉద్దితో సరిపోవు రంగు, ఈ రెండే ఉడుపు తీరును నిర్ణయించును.

కోలాటమునకు సంస్కృత లక్షణకారులు పెట్టిన పేరు దండరాసకము. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి (గజసేనాధిపతి) యైన జాయసేనాపతి 1253–54లో రచించిన నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయముల గ్రంథము. మొదటి నాలుగు మార్గమునకు (శాస్త్రోక్త నృత్తమునకు), తక్కిన నాలుగు దేశికి (ప్రాంతీయ నృత్తములకు) కేటాయింపబడినవి. దండరాసకము ఈ దేశి భాగమున వర్ణింపబడినది. 1965లో వే. రాఘవన్ గారు మూలమును పరిష్కరించి వెలువరింపగా, 1969లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగు అనువాదముతో ఈ యుత్తమ గ్రంథము సామాన్య పాఠకునకును అందివచ్చినది. ఆ కాకతీయ యుగపుదే యైన 1213 నాటి రామప్పగుడి శిల్పములలోని నర్తకుల వస్త్రములు చుట్టి కట్టినవే గాని కుట్టినవి కావు; పలువరుసలుగ బిగించిన నడికట్టే అచ్చట కుట్టుపని చేయవలసిన పనిని నెరవేర్చినది.

పొదిలి సీమకు ఈశాన్యమున నున్న అద్దంకి, కొండవీడులను ఏలిన రెడ్డిరాజుల కాలము (1325–1424) వేషభూషల చరిత్రలో మిక్కిలి శోభాయమానమైనది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగ 1325లో రాజ్యము స్థాపించెను. అనంతరము రాజధాని కొండవీటికి మారెను. కుమారగిరిరెడ్డి (1386–1402) ఏటేట వసంతోత్సవములు జరిపి వసంతరాయ బిరుదము వహించెను; వసంతరాజీయమను నాట్యలక్షణ గ్రంథము ఆతని పేరనే యున్నది; లకుమాదేవి ఆతని కొలువునందలి నర్తకి. ఈ యుత్సవములకు సుగంధద్రవ్యములను, దూరదేశ వస్తువులను తెప్పించి యిచ్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. ఆతనికి అంకితముగ శ్రీనాథుడు చెప్పిన హరవిలాసపు అవతారికయందు ఆ వస్తువుల పట్టికలో చీనాంబరములును గలవు. రాజనర్తకి చీనిపట్టు ధరించినను, ఊరి కోలాటగాండ్రకు మగ్గపు కోరాగుడ్డయే దక్కియుండునని ఊహించుట న్యాయము. కుట్టిన అంగీ పండితుని మేనికిని క్రొత్తగ నుండిన కాలమది: కర్ణాట రాజసభకు పోవునపుడు కుళ్ళాయి పెట్టి, కూర్పాసము తొడుగవలసివచ్చిన సంగతిని శ్రీనాథుడు చెప్పుకొన్న చాటువు లోకప్రసిద్ధము.

విజయనగర కాలపు లేపాక్షి చిత్రములలో పొడవాటి కుళ్ళాయిలు, అంచులు తీర్చిన చీరలు కన్నులపండువుగ నున్నవి. హంపి మహానవమి దిబ్బపై కోలలాడు స్త్రీల చెక్కడములు కలవు. తదనంతరపు మూడు శతాబ్దములలో కుట్టిన రవికయు, అంగరఖాయు పల్లెలకు చేరినవి.

ఇరువదవ శతాబ్దమున నృత్య విషయమునకు శాస్త్రగౌరవము కలిగించినవారిలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు (1889–1928) అగ్రగణ్యులు. చీరాల–పేరాల సత్యాగ్రహమునకు 1921లో నాయకత్వము వహించి, రామదండను స్వచ్ఛందసేవక దళమును నిర్మించిన ఈ మహనీయుడు, అంతకు నాలుగేండ్ల ముందే, అనగా 1917లో, ఆనంద కుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున వెలువరించెను. గజ్జెలు కంచువై, చక్కని నాదము గలవై, నీలపు దారముతో ముడివేసి కూర్చబడినవై, కాలికి నూరో యిన్నూరో ఉండవలెనని ఆ గ్రంథము విధించుచున్నది. పల్లెలలో నీలపు దారపు నియమము లేదు గాని, ముడి నియమము నేటికిని చెల్లుచున్నది.

గజ్జెల పట్టీ కుట్టు విధము ఇట్టిది. పాత పంచెగుడ్డను నాలుగైదు మడతలు పెట్టి, బెత్తెడు వెడల్పున పట్టీ చేసి, అంచులు కుట్టి, లావుపాటి సూదితో మైనము రాచిన పేటదారమును ఎక్కించి, ఒక్కొక్క గజ్జెను విడివిడిగ కుట్టి ముడివేయుదురు. ఒకే పోగున అన్నిటిని గ్రుచ్చినచో ఆటనడుమ దారము తెగినపుడు గజ్జెలన్నియు నేలరాలును. చర్మమునకు ఒరసికొనకుండుటకు లోపలివైపు మెత్తని ఉతుకుగుడ్డను అతుకుదురు. ఇంగ్లండు దేశపు మోరిస్ నృత్యమున గూడ ఆటగాండ్రు మోకాలి క్రింద గజ్జెల పట్టీలు కట్టి, చేత రుమాలో కఱ్ఱయో పట్టి ఆడుదురు. 1899 డిసెంబరు 26న ఆక్స్‌ఫర్డు చేరువనున్న హెడింగ్టనులో సెసిల్ షార్ప్ దానిని చూచుటయే ఆ దేశమున జానపద నృత్య పునరుద్ధరణమునకు బీజమైనది. అచ్చటి కొన్ని జట్లు పాత కోటుపై గుడ్డపేలికలు వరుసగ కుట్టి తొడుగుకొనుట, మన యిండ్లలో పాతచీరె అంచులు దాచి పరికిణీకి వేయుట వంటిదే.

బాలికల పరికిణీ ఈ ఉడుపులో ముఖ్యమైనది. తల్లిదో అమ్మమ్మదో చిరుగని నేతచీరెను ఎంచి, నడుము నుండి చీలమండకు కొలత తీసి, అందులో నాలుగు వ్రేళ్ళు తగ్గించి కత్తిరింతురు. అంచు నేలను తాకినచో వెనుకకు వేయు అడుగున కాలు చిక్కుకొనును. పైభాగమును మడిచి కుట్టి, పిన్నీసునకు బొందు కొసను తగిలించి దూర్చి, కుచ్చిళ్ళు సమముగ సర్దుదురు. క్రింద, జరీ అంచునకు పైగా, మూడు వ్రేళ్ళ వెడల్పున రెండు మూడు టక్కులు వేయుదురు. పిల్ల యెదిగినకొలది ఏటికొక టక్కు విప్పుటకే యివి యేర్పడినను, అంచునకు బరువు నిచ్చి, చుట్టు తిరుగునపుడు పరికిణీని గొడుగువలె విచ్చునట్లు చేయుటయు వీనివలననే. రవికకు చంకక్రింద నలుపలకల గుడ్డముక్క నొకటి అతుకుట పూర్వపు ఇల్లాండ్ర నేర్పు. కోల తలపై కెత్తినపుడు రవిక పైకి లాగదు, కుట్టు వీడదు.

పురుషుల ఉడుపు సులభమైనది: కాసె పోసి కట్టిన పంచె, బనియను, నడుమునకు బిగించిన రుమాలు, తలగుడ్డ. ఈ రుమాళ్ళలో చీరాలవి ప్రశస్తములు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను పలుమారులు నానబెట్టి, ఎరుపు, నలుపు రంగులు వేసి నేయుటచే వీనికి తేలియా రుమాళ్ళని పేరు వచ్చినది. చెమటకును ఉతుకునకును చెదరని ఈ రంగులు అరబ్బుదేశములకు గూడ ఎగుమతియైనవి. 1943లో వెలసిన ప్రజానాట్యమండలి జానపద కళలను వేదిక కెక్కించినపుడు, గుంటూరు జిల్లా పొన్నెకల్లువాస్తవ్యుడైన షేక్ నాజరు (1920–1997) బుఱ్ఱకథకు అంగరఖా, తలపాగా, కాలిగజ్జెలతో కూడిన వేషము జనుల మనస్సులలో నిలిచిపోయినది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారి గ్రంథము తెలుగువారి జానపద కళారూపములన్నిటికిని విలువైన భాండాగారము.

కుట్టుమిషను వచ్చిన పిమ్మట పరుగుకుట్లు, అంచుకుట్లు మిషనుకు పోయినవి. గజ్జెలు, చెమ్కీలు, బొందులు చేతికుట్టునకే మిగిలినవి. కొన్ని దశాబ్దములుగ కోలాటమున స్త్రీల బృందములు ప్రబలినవి. తిరుమల బ్రహ్మోత్సవములలో వాహనముల ముందు ఆడుటకు పలు జిల్లాలనుండి వచ్చుచున్న బృందములవారు ఒకే రంగు చీరెలను ధరించుచున్నారు. చీరె కొన్నదైనను రవిక మాత్రము పలువురు ఇంటిలోనే కుట్టుకొందురు. జడకోపున పైనుండి వ్రేలాడు రంగుత్రాళ్ళను పట్టి, అల్లుచు విప్పుచు తిరుగవలసియుండుటచే, ఓణీ కొంగును గాని పైట చెరగును గాని విడిచియుంచరు. ఎడమవైపున నడుములో దోపి, రవిక భుజమునకు లోపలివైపు నుండి రెండు పోగుల కుట్టు వేసి నిలుపుదురు, ఆట ముగిసిన పిదప ఆ కుట్టును పంటితో త్రెంచి తీయుదురు.