చేపాక్కం కట్టడాలలో కార్యాలయాలు

విశ్వవిద్యాలయాల పాత భవనాలలో కార్యాలయ గదులను బాగుచేయించడం ఇంజనీర్ల పనిగానే మనం భావిస్తుంటాం. మద్రాసులోని చేపాక్కం చరిత్ర చూస్తే, తెలుగు చదువుకొనేవారికి కూడా ఆ పనితో కొంత సంబంధం ఉందని తెలుస్తుంది.

అక్కడ ఈ తరహా పని మొదట జరిగింది విశ్వవిద్యాలయంలో కాదు, పక్కనున్న నవాబు మహలులో. 1855లో ఆర్కాటు నవాబు వారసుడు లేకుండా మరణించాడు. కొన్నాళ్లకు మహలు సర్కారు కచేరీలకు నెలవైంది. రాబర్ట్ చిషోమ్ అనే వాస్తుశిల్పి మహలు రెండు భాగాలనూ ఎత్తైన బురుజుతో కలిపి, రెవెన్యూ బోర్డుకు చోటు కల్పించాడు. ఆ బురుజు నవాబుల నాటిదేనని నేటికీ నమ్మేవారున్నారు. ఎరువు సొమ్ములా కనిపించకపోవడమే అతని పనితనం. 1874-1879 మధ్య కట్టిన మద్రాసు విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్ కూడా అతని రూపకల్పనే.

ఆ కాలపు కట్టడాల తత్త్వం కాస్త తెలుసుకోవాలి. ఇటుక గోడలకు గానుగ సున్నం వాడారు. 'మద్రాసు టెర్రస్' అని పేరుపడ్డ పైకప్పులో టేకు దూలాల మీద సన్నని ఇటుకలను అంచున నిలబెట్టి సున్నంతో పేరుస్తారు. దానిపై ఇటుక ముక్కలు కలిపిన సున్నాన్ని పరచి, బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొడతారు. ఇలాంటి గోడ చెమ్మను పీల్చుకొని మళ్లీ బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపల ఇటుక పిండి అవుతుంది. చల్లదనం కోసం తప్పుడు కప్పు దించితే దూలం చివర గోడలో ఎక్కడ కుళ్లిందో కంటబడదు. సముద్రం ఎదురుగా ఉన్నచోట ఉప్పుగాలి బాధ సరేసరి. సదుద్దేశంతో చేసిన మరమ్మతే అసలు తెగులు కంటే ఎక్కువ చెరుపు చేయడం ఇలాగే.

సెనేట్ హౌస్ ఎన్నో అవసరాలకు పనికివచ్చింది. 1937లో మద్రాసు శాసనసభ కొన్ని నెలలు అక్కడే సమావేశమైంది. అప్పటి స్పీకరు మన బులుసు సాంబమూర్తిగారు. విశ్వవిద్యాలయానికి 150 ఏళ్లు నిండే సందర్భంలో ఈ భవనాన్ని పునరుద్ధరించారు.

గోడలకు నిపుణులున్నారు, కాగితాల మాటేమిటి? 1914లో గురజాడ అప్పారావుగారు అసమ్మతి పత్రం సమర్పించింది ఈ విశ్వవిద్యాలయానికే. ఆ పత్రం అచ్చులో దొరుకుతున్నది గనుక సరిపోయింది. ఇక్కడ తెలుగు శాఖకు కోరాడ రామకృష్ణయ్యగారు, నిడుదవోలు వేంకటరావుగారు అధ్యక్షత వహించారు. అలాంటి శాఖల నివేదికలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, ప్రశ్నపత్రాలు కార్యాలయపు బీరువాలలోనే పోగుపడతాయి. రంగులు వేసేందుకు గది ఖాళీ చేసినప్పుడు వరండాలోకి చేరే మొదటి సామాను అదే. తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉన్న దస్త్రాన్ని గుమాస్తా చదివి పక్కన పెట్టగలడు. తెలుగు కాగితాన్ని చదవలేనప్పుడు అతని దృష్టిలో అది చిత్తు కాగితమే; అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

ప్రాచ్య లిఖిత గ్రంథాలయం తీరు వేరు. మెకంజీ కైఫీయతులు, బ్రౌను సేకరించిన ప్రతులు ఉన్న ఆ సంస్థ చాలాకాలం చేపాక్కంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలోనే ఉండి, తర్వాత కొట్టూరుపురానికి మారింది. ప్రతులకు డి., ఆర్. అనే వరుసల సంఖ్యలు, ముద్రిత సూచికలు ఉన్నాయి. అందువల్ల ఇల్లు మారినా ప్రతిని పేరుపెట్టి అడగవచ్చు. శాఖల బీరువాలకు అలాంటి సంఖ్యలు లేవు.

2012 జనవరిలో నవాబు మహలులోని ఖలస్ మహల్ కార్యాలయాలతో సహా కాలిపోయింది. మంటలార్పబోయిన అధికారి ఒకరు ప్రాణం కోల్పోయారు. తర్వాత ఆ భాగాన్ని సున్నంతోనే పునరుద్ధరించి హరిత ట్రిబ్యునల్‌కు చోటిచ్చారు. కప్పు తిరిగి వచ్చింది. కాలిన దస్త్రాలు రాలేదు.

మైసూరు, బరంపురం, నాగపూరు, ఎక్కడైనా సరే, మీ కళాశాలలో పాత గదికి మరమ్మతు మొదలవుతున్నదని తెలిస్తే, అనుమతి తీసుకొని ఒక పూట బీరువాల దగ్గర కూర్చోండి. తెలుగు కాగితాలకు సంవత్సరం, విషయం, పుటల సంఖ్య రాసి జాబితా కట్టి, ఒక ప్రతి గ్రంథాలయానికివ్వండి. మరొకటి మాకు పంపితే భద్రపరుస్తాం.