తీరం వదులుకున్న సైన్యం: విజయనగర సంస్థానం, 1757–1802

దేవరాపల్లి నుంచి చోడవరం మీదుగా దక్షిణానికి దిగితే కశింకోట పూట ప్రయాణం కూడా కాదు. 1758 నవంబరు మొదట్లో అక్కడ రెండు సైన్యాలు కలిశాయి. ఒకటి ఈస్టిండియా కంపెనీది. క్లైవు బెంగాలు నుంచి పంపగా కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ దాన్ని ఓడల మీద తెచ్చి, అంతకు కొద్ది రోజుల ముందే విశాఖపట్నంలో దించాడు. రెండోది విజయనగరం పాలకుడు పూసపాటి ఆనంద గజపతిరాజుది. అప్పటికి శారదా నది పరీవాహకంలోని ఈ మెట్ట, పల్లపు గ్రామాలు చాలావరకు విజయనగరం పెత్తనం కిందే ఉన్నాయి. ఆ సేనకు జీతాలు పుట్టాల్సింది ఇలాంటి ఊళ్ల శిస్తులోంచే.

ఆ రెండో సైన్యం గురించే ఈ వ్యాసం. తీరం పొడవునా భూములున్న ఒక చిన్న రాజ్యం తన సేనను ఎలా కూర్చుకుంది? యూరపు పద్ధతి యుద్ధాన్ని కళ్లారా చూశాక దాన్ని సొంతం చేసుకోవడానికి ఏం చేసింది? సముద్రాన్ని ఎందుకు వదిలేసింది? విజయనగర పతనానికి బొబ్బిలి పాపం కారణమని కథలు చెబుతాయి, అన్నదమ్ముల కలహమని జిల్లా చరిత్రలు చెబుతాయి. రెండింటికంటే ముందు చూడాల్సింది ఖజానా లెక్క అని నా వాదన.

ఆధారాల బలం ఎంతో ముందు చెప్పాలి. 1757, 1758 యుద్ధాలకు అందరూ వాడే మూలం రాబర్ట్ ఓర్మ్ ఇంగ్లీషులో రాసిన సైనిక చరిత్ర. ఓర్మ్ మద్రాసు కౌన్సిల్ సభ్యుడు. అధికారుల ఉత్తరాలు, నివేదికలు ఆయన చేతికి అందాయి. కానీ 1758 డిసెంబరులో ఫ్రెంచివారితో చందుర్తి పోరు జరిగేనాటికే ఆయన భారతదేశం వదిలి వెళ్లిపోయాడు. సైనికుల సంఖ్యలు, ఒప్పందం షరతులు రాసేటప్పుడు కాగితాలను బట్టి రాశాడు కాబట్టి వాటిని నమ్మవచ్చు. రాజుగారి బంట్ల ధైర్యం గురించి రాసిన మాటల్లో మాత్రం కంపెనీ అధికారుల చులకన కలిసి ఉంది. 1869లో కార్‌మైకేల్ రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ రాసిన గెజిటీరు తొలినాటి యుద్ధాల విషయంలో ఆయన్నే చాలావరకు అనుసరించాయి. అంచేత ముగ్గురూ ఒకే మాట చెప్పారంటే మూడు సాక్ష్యాలు దొరికినట్టు కాదు. ఇటు దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’, జంగం కథకులు పాడే బొబ్బిలి కథ బొబ్బిలి వైపు నిలబడి చెప్పినవి. పరువు, పగ ఎలా నడిచాయో వాటిలో దొరుకుతుంది. తుపాకుల లెక్క వాటిలో వెతకడం అన్యాయం.

ఈ మూలాలను కలిపి చదివితే ఆనాటి సేన స్వరూపం కొంత తేటపడుతుంది. నడుమ రాజుగారి కొలువులో జీతం తినే బంట్లు, గుర్రపు రౌతులు. చుట్టూ మొఖాసా భూములు అనుభవిస్తూ, పిలుపు వస్తే మనుషులతో హాజరు కావాల్సిన రాచ కుటుంబాలు. అంచున కొండ జమీందారుల పైకులు. వీరి ఆయుధాలు విల్లు, ఈటె, వత్తి తుపాకి. కొండదారుల్లో, కట్టెపొదల మధ్య ఈ మూడో వర్గం ఎంత ప్రమాదకరమో తర్వాతి వందేళ్లలో కంపెనీకి పదేపదే తెలిసివచ్చింది. మైదానంలో వరుస కట్టి, ఆజ్ఞ వినగానే తుపాకి పేల్చే సేన ముందు మాత్రం వీరు నిలవలేరు. పైగా వీరు ముందు తమ దొరకు బంట్లు, ఆ తర్వాతే విజయనగరానికి.

1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు ఫ్రెంచి సేనాని బుస్సీ తెచ్చిన యూరోపియన్లు 750 మంది, అందులో 250 మంది ఆశ్వికులు. విజయనగరం రాజు పెద విజయరామరాజు వెంట 11 వేల మంది బంట్లు, సిపాయిలు ఉన్నారని ఓర్మ్ లెక్క. సంఖ్య రాజుది, కోట గోడలు బద్దలుకొట్టిన ఫిరంగి ఫ్రెంచివారిది. ఇదే ఏర్పాటు చివరిదాకా సాగింది. మనుషులను సంస్థానం తెచ్చేది, ఆధునిక యుద్ధ సామర్థ్యాన్ని ఒక్కో దండయాత్రకు బయటినుంచి అద్దెకు తెచ్చుకునేది. బొబ్బిలి కూలిన తర్వాత కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో చొరబడి విజయరామరాజును చంపాడు. ఒప్పందాలన్నీ ఒక్క మనిషి మీద నిలిచిన రాజ్యంలో ఆ చావుతో ఫ్రెంచి స్నేహం కూడా సడలింది. తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు రెండేళ్లు తిరక్కుండానే విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుంచి పట్టుకుని ఇంగ్లీషువారిని పిలిచాడు.

కశింకోటలో చేరిన రాజు బలం 500 గుర్రాలు, 5 వేల కాల్బలమని ఓర్మ్ చెబుతాడు. కాల్బలంలో కొందరి దగ్గరే తుపాకులున్నాయి, మిగతావారివి బల్లేలు, విల్లులు. ఈ వివరాల్లోనే నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే సంగతి ఒకటుంది. బ్రిస్టల్ అనే ఇంగ్లీషువాడి కింద 40 మంది యూరోపియన్లు, నాలుగు ఫిరంగులు రాజు సొంత కొలువులో ఉన్నాయి. అంటే ఆనందరాజుకు కొత్త యుద్ధం అర్థం కాలేదనడం తప్పు. అర్థమైంది, చేతనైనంత కొన్నాడు కూడా. డిసెంబరులో పిఠాపురానికి ఉత్తరాన చందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన ఓడిపోయింది. రాజు మనుషుల్లో అత్యధికులు ఎండిన చెరువు గుంటలో తలదాచుకున్నారని ఓర్మ్ రాశాడు. ఆ మాటను నేను సగమే తీసుకుంటాను. వరుస యుద్ధంలో శిక్షణ లేని విలుకాళ్లను ఫిరంగి గుండ్లకు ఎదురుగా నిలబెట్టకపోవడం పిరికితనం కాదు. అయితే నాలుగు ఫిరంగుల జట్టు పనికొచ్చి, 5 వేల మంది పనికిరాకపోవడం సేన నిర్మాణం గురించి చెప్పాల్సింది చెబుతూనే ఉంది.

ఇక ఒప్పందం. నవంబరులోనే కుదిరిన దాని షరతుల్లో మూడు చాలా ముఖ్యం. గెలిచిన లోపలి భూభాగాల శిస్తు రాజుది. రేవులు, నదీముఖాల్లో ఉన్న పట్నాలు, వాటికి చేరిన భూముల ఆదాయం కంపెనీది. సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50 వేల రూపాయలు, అధికారుల ఖర్చుకు మరో 6 వేలు ఇవ్వాలి.

మూడో షరతు నుంచి మొదలుపెడదాం. నెలకు 56 వేలంటే ఆరు నెలలకు 3 లక్షల 36 వేలు. ఆ తర్వాతి కాలంలో విజయనగరం కంపెనీకి ఏడాదికి కట్టిన పేష్కష్ 3 లక్షలని గెజిటీర్లు చెబుతాయి. అరువు సైన్యాన్ని ఆరు నెలలు మోస్తే, సంస్థానం మొత్తం ఒక ఏడాది కట్టే కప్పాన్ని దాటిపోతుంది. గెలిచాక ఆనందరాజు డబ్బు ఇవ్వకుండా నాన్చాడని, అందుకే ఫోర్డ్ వారాల తరబడి కదల్లేక ఇరుక్కుపోయాడని కంపెనీ పక్షం ఫిర్యాదు. దీన్ని లోభం అనుకోవడం తేలిక. అంకెలు చూస్తే లోభంకంటే అశక్తతే ఎక్కువ పొసుగుతుంది. ఏటా పంటలు ఇంటికొచ్చాకే శిస్తు వచ్చే రాజ్యం నెలనెలా రొక్కం ఇవ్వాలంటే షావుకార్ల దగ్గర చెయ్యి చాపక తప్పదు. కంపెనీకి ఆ ఇబ్బంది తక్కువ. ప్లాసీ తర్వాత బెంగాలు డబ్బు దాని వెనక ఉంది.

రెండో షరతు మరింత దూరం వెళ్లింది. తీరం కోల్పోవడమంటే సుంకాల ఆదాయం పోవడం, మందు, తుపాకులు స్వేచ్ఛగా కొనే దారి మూసుకుపోవడం. ఓడలు కట్టే పనివాళ్లు ఈ తీరంలో లేకపోలేదు. కోరంగి, నరసాపురం రేవుల్లో సముద్రయానపు ఓడలే కట్టేవారు. ఉన్న ఓడలు వర్తకానివి, కట్టించినవారు వర్తకులు. వాటిని యుద్ధానికి మళ్లించాలంటే కట్టే ఖర్చు, ఫిరంగుల ఖర్చు, ఏడాది పొడవునా నావికుల జీతం ముందే పెట్టాలి. పోనీ నౌకాదళం ఉంటే సరిపోయేదా అంటే, పడమటి తీరం సాక్ష్యం ఆశ కలిగించదు. ఆంగ్రే వంశం తరాల తరబడి పెంచిన నౌకాదళం 1756 ఫిబ్రవరిలో విజయదుర్గం రేవులోనే తగలబడింది. దాన్ని ముట్టడించినవారిలో క్లైవు ఒకడు. కాబట్టి ఆనందరాజు నౌకాదళం కట్టకపోవడం తప్పు అని నేను అనను. కట్టగల అవకాశాన్ని సంతకంతో వదులుకోవడమే పెద్ద నష్టం. ఓడల విలువ ఏపాటిదో అయిదు నెలల్లో తేలింది. 1759 ఏప్రిల్ 8కి మచిలీపట్నం కోట ఫోర్డ్ వశమైంది. ఫ్రెంచి సహాయ సేన ఓడల మీద వచ్చేసరికి వారం ఆలస్యమైపోయింది.

దక్షిణాన అదే కాలంలో మరో చిన్న రాజ్యం వేరే దారిలో నడిచింది. 1741లో కొళచ్చెల్ దగ్గర డచ్చివారిని ఓడించిన తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ, చేతికి చిక్కిన డచ్చి సేనాధికారి డి లన్నోయ్‌ని కొలువులో పెట్టుకున్నాడు. 1777లో చనిపోయేదాకా డి లన్నోయ్ అక్కడే ఉండి సేనకు వరుస యుద్ధం నేర్పాడు, కోటలు కట్టాడు. హైదరాబాదులో నిజాం దగ్గర ఫ్రెంచి అధికారి రేమాండ్ కూడా దాదాపు అలాంటి పనే చేశాడు. ఆ నగరంలోని గన్‌ఫౌండ్రీ పేటకు పేరు ఆయన ఫిరంగుల కర్మాగారం వల్ల వచ్చిందే. బ్రిస్టల్ జట్టుకు, వీరికి తేడా కాలంలోనే ఉంది. తిరువాన్కూరు ఒక గురువుకు దాదాపు 36 ఏళ్లు ఇచ్చింది, మిరియాల వ్యాపారం మీద సర్కారు గుత్తాధిపత్యం అందుకు రొక్కం సమకూర్చింది. పరాయి అధికారుల మీద ఆనుకున్న బలానికి ఉన్న అపాయమూ హైదరాబాదులోనే కనిపిస్తుంది. రేమాండ్ 1798 మార్చిలో పోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబరులో ఆ దళాన్ని నిరాయుధం చేశారు.

మనుషుల కొరత అనే వాదన మాత్రం బొత్తిగా నిలవదు. కంపెనీ మద్రాసు సైన్యంలో కోస్తా తెలుగువాళ్లు ఎంత ఎక్కువంటే, బెంగాలులో సిపాయిలందరినీ ‘తెలింగాలు’ అనేవారు. క్రమం తప్పని జీతం, ఒకే రకం తుపాకి, రోజూ కవాతు ఉంటే ఈ ప్రాంతపు కుర్రాళ్లు ఎవరికీ తీసిపోలేదు. వాళ్లకూ హద్దులుండేవి. హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమన్నప్పుడు, 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో ఉత్తర సర్కారుల సిపాయిలు తిరగబడి అధికారులను కాల్చారు. తీరంలో పుట్టినవాళ్లందరూ సముద్రానికి సిద్ధంగా ఉంటారనుకోవడం పొరపాటని ఆ ఘటన గుర్తుచేస్తుంది.

ఆనందరాజు 1760లో మశూచితో పోయాడు. వారసుడు చిన విజయరామరాజు పసివాడు. సవతి అన్న సీతారామరాజు పెత్తనంలో సంస్థానం విస్తరించింది, జయపురం మొదలు పాలకొండ దాకా చాలా జమీందారీలు దాని కింద చేరాయి. 1784లో కంపెనీ సర్క్యూట్ కమిటీ ఈ సేన 12 వేలకు మించిందని లెక్కగట్టి, తగ్గించాలంది. 1758తో పోలిస్తే రెట్టింపు. అయితే ఇది పెరుగుదలే తప్ప ఆధునికీకరణ అనడానికి ఆధారం బలహీనం. ఆ బలంలో ఎక్కువ భాగం పని కొండ జమీందారులను అదుపులో ఉంచడం, శిస్తు రాబట్టడం. శిస్తు కోసం సేన, సేన కోసం శిస్తు. ఈ చక్రంలో కొత్త తుపాకికి, కొత్త శిక్షణకు మిగులు ఎక్కడిది? కంపెనీ ఆ చక్రాన్ని రెండు వైపులా నొక్కింది. పేష్కష్ పెంచమంది, దాన్ని రాబట్టే సేనను రద్దు చేయమంది.

బకాయిల పేరుతో 1793లో సంస్థానాన్ని జప్తు చేసి, రాజును మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు. ఆయన వెళ్లలేదు. 1794 జులై 10 తెల్లవారుజామున పద్మనాభం దగ్గర కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలు దాడి చేశారు. గంట కూడా పట్టని పోరులో చిన విజయరామరాజు తన బంధువులైన రాచ వీరుల మధ్య నేలకొరిగాడు. వాళ్లు పారిపోలేదు. చివరిదాకా రాజు చుట్టూ నిలిచినవాళ్లు మొఖాసాలు తిన్న కుటుంబాలవారేనన్నది ఆలోచించాల్సిన విషయం. పాత కట్టుబాటు మీద నిలిచిన ఆ సేనలో విశ్వాసానికి లోటు లేదు. కవాతు నేర్చిన సిపాయి వరుసను ఆపడానికి అదొక్కటే చాలలేదు.

కొడుకు నారాయణ గజపతికి సంస్థానం తగ్గించి ఇచ్చారు. 1802 శాశ్వత పరిష్కారంలో అది 24 పరగణాలు, 1157 గ్రామాలు, 5 లక్షల పేష్కష్‌గా స్థిరపడింది. సేనతోపాటు పోలీసు అధికారమూ పోయింది. రాజ్యం జమీందారీ అయింది.

అయితే 1802తో ఆయుధం పట్టినవాళ్లు మాయమయ్యారన్న మాటను ఆధారాలు ఒప్పుకోవు. రద్దయింది మైదానపు కొలువు సేన. కొండల అంచున ఉన్న మూడో వర్గం అలాగే ఉంది. 1832లో కాశీపురం వీరభద్రరాజు, పాయకరావు వేర్వేరుగా తిరగబడితే కంపెనీ జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా, సైన్యంతో సహా పంపాల్సి వచ్చింది. ఆయన సిఫారసుల ఫలితంగా 1839లో 24వ చట్టం వచ్చింది. విశాఖపట్నం జిల్లాలో చాలా భాగం మామూలు చట్టాల పరిధి దాటి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికి వెళ్లింది. 12 వేల కొలువు సేనను రద్దు చేయించిన కంపెనీ, జీతం అక్కర్లేని ఆ పైకులను మాత్రం రద్దు చేయలేక వేరే పాలనే ఏర్పాటు చేసుకుంది.