అటక మీది వీణ

దసరాకి ఇల్లు దులుపుతుంటే అటక మీంచి మా అత్తయ్యగారి వీణ కిందికి దిగింది. నా పెళ్లయి ఇరవై రెండేళ్లు. పాత దుప్పటి చుట్టిన ఆ మూటని ఏటా చూస్తూనే ఉన్నాను గానీ ఎప్పుడూ విప్పలేదు. ఈసారి విప్పితే కుండ మీద జానెడు పగులు, సగం ఊడిన మెట్లు, తుప్పు పట్టిన తీగలు.

"ఎవరికైనా ఇచ్చీయమ్మా, చోటైనా కలిసొస్తాది" అన్నారు అత్తయ్య. అన్నారే గానీ, దాని మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. బొబ్బిలిదట. పెళ్లికి ముందు వాళ్ల నాన్నగారు కొనిచ్చారట.

బొబ్బిలి అనగానే మనకి గుర్తొచ్చేది యుద్ధమే కదా. 1757 జనవరి 24. ఒకవైపు విజయనగరం విజయరామరాజు, ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు. మరోవైపు కోటలో రంగారావు. ఓటమి ఖాయమని తెలిశాక, శత్రువుల చేతికి చిక్కకూడదని కోటలోని ఆడవాళ్లనీ పిల్లల్నీ సొంతవాళ్లే చంపుకున్నారు. తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి దూరి పగ తీర్చుకున్నాడు. చిన్నప్పుడు బుర్రకథలో విని మేమంతా పాపారాయుడికి చప్పట్లు కొట్టినవాళ్లమే. ఆ కోటలోని ఆడవాళ్లని ఎవరైనా ఒక మాట అడిగారా అన్న ఆలోచన మాత్రం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

అదే బొబ్బిలికి ఇంకో చరిత్ర ఉంది. పదిహేడో శతాబ్దంలో సంస్థానాన్ని స్థాపించిన పెద్దారాయుడి కాలం నుంచే అక్కడ వీణలు చేస్తున్నారని చెబుతారు. ఊరికి ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలది తరతరాలుగా అదే పని. ఇటు విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టారు. దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. బొబ్బిలికి దగ్గర్లోని అజ్జాడలో పుట్టిన మనిషి. హరికథా పితామహుడని అందరికీ తెలుసు. వీణ కూడా వాయించేవారు. ఒకప్పుడు ఒకరినొకరు నాశనం చేసుకున్న రెండు ఊళ్లలో, ఒకటి వీణ చెయ్యడానికీ ఇంకొకటి సంగీతం నేర్పడానికీ పేరు తెచ్చుకున్నాయి. ఇది మన పిల్లలకి ఎవరూ కథగా చెప్పరు.

మా వారిని ఒప్పించి, వీణని మళ్లీ దుప్పట్లో చుట్టుకుని, రాజాం మీదుగా బొబ్బిలి వెళ్లాం. గొల్లపల్లిలో ఒక పెద్దాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, వేలి కణుపుతో కుండ మీద తట్టి విన్నాడు. "ఏకాండి అమ్మా ఇది. అతుకు లేదు" అన్నాడు. మామూలుగా చాలాచోట్ల కుండ, దండి, తల విడివిడిగా చేసి అతుకుతారు. బొబ్బిలి వీణ ప్రత్యేకత ఒకే దుంగలో మొత్తం తొలచడం. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

కర్ర పనసది. తేలిక, తేమకి త్వరగా పాడవదు, నాదం బాగా పలుకుతుంది. లేత చెట్టు పనికిరాదు. బాగా ముదిరి, చేవ తేలిన పసుపు కర్ర కావాలి. దుంగని ముందు పైపైన చెక్కి, ఆరబెట్టి, అప్పుడు ఉలితో కుండని లోపల్నుంచి తొలుస్తారు. గోడ మందంగా ఉంటే పలకదు, మరీ పలచనైతే పగులుతుంది. ఆ తర్వాత కుండ మీద పలక, చివర యాళి తల, బిరడాలు, ఏడు తీగలు. ఆఖరున ఇరవై నాలుగు మెట్లు మైనం మీద నిలబెడతారు. ఆ మెట్లకి కొలబద్ద చాలదు, చెవి కావాలి. ఒక్కో మెట్టూ స్వరం చూసుకుంటూ జరపాలి. ఒక వీణకి ఇంచుమించు నెల పడుతుందట.

పనసపొట్టు కూర ఆవ పెట్టి వండడమే నాకు తెలుసు. అదే చెట్టు ముసలిదయ్యాక ఇలా పాడుతుందని నలభై దాటాక తెలుసుకున్నాను.

"వంటింటి పక్క ఎట్టీసినారేటమ్మా? ఆ వేడికే పగిలింది" అని ఆ పెద్దాయన మందలిస్తే తల దించుకున్నాను. పగులు పూడ్చి, మెట్లు కొత్తగా వేసి ఇచ్చాడు. మచ్చ కనబడుతుంది గానీ నాదం పోలేదు.

ఇంటికొచ్చాక అత్తయ్యని అడిగాను, ఎందుకు మానేశారని. ఎవరైనా వద్దన్నారా?

"వద్దని ఎవరూ అనలేదే. వాయించమని కూడా ఎవరూ అనలేదు. పదకొండు మందికి వంట. ఇంక తీరికేదీ?"

ఆ "ఎవరూ"లో నేనూ ఉన్నాను. ఇరవై రెండేళ్లు ఆమె చేతి పులుసు రుచి చెప్పానే గానీ, ఆ చెయ్యి ఇంకేం చెయ్యగలదో అడగలేదు.

మొన్న సాయంత్రం సరళీ స్వరాలు మొదలుపెట్టారు. వేళ్లు వణికాయి, మూడో వరస దగ్గర ఆగిపోయి నవ్వేశారు. కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. "మామ్మకి వీణ వచ్చా?" అంది.

మీ అటక మీద కూడా ఏదో ఒక మూట ఉండే ఉంటుంది. పండక్కి దులిపినప్పుడు ఒకసారి విప్పండి. దాన్ని దాచుకున్న మనిషి పక్కన ఉండగానే విప్పండి.