ఒకే యంత్రమునకు కట్టుబడిన ఆటలు

గుంటూరునుండి పల్నాటి మీదుగా మాచర్లకు పోవు రైలుమార్గము 20వ శతాబ్దములో వేయబడినపుడు మీటరు గేజి మార్గము. రెండు పట్టాల నడుమ దూరము 1000 మిల్లీమీటర్లు. దేశములోని పెద్ద మార్గములపై ఆ దూరము 1676 మిల్లీమీటర్లు. అందువలన పెద్ద మార్గముపై నడుచు బండి మాచర్లకు రాజాలదు. సరుకును ఒక బండినుండి దించి మరియొక బండికి ఎక్కింపవలసివచ్చెడిది. సరుకులో లోపము లేదు, దానిని కోరువానిలో లోపము లేదు. అడ్డు వచ్చినది పట్టాల వెడల్పు ఒక్కటే. తరువాత ఆ మార్గము బ్రాడ్ గేజిగా మార్చబడినది, అడ్డు తొలగినది.

ఇటువంటి అడ్డే వీడియో ఆటల ప్రపంచములోను కలదు. మాచర్ల వంటి పట్టణములో ఒక విద్యార్థి ఇంటికి కంప్యూటరు వచ్చుట సాధారణముగా చదువు కొరకు. తీరిక వేళ అతడు దానిపైననే ఆడుకొనును. ఇట్లు అన్ని పనులకు వాడు కంప్యూటరును పీసీ అందురు. కేవలము ఆటల కొరకే చేయబడిన యంత్రము కన్సోలు. మధ్యతరగతి కుటుంబమునకు అది రెండవ ఖర్చు. అయితే లోకమంతయు మెచ్చుకొను ఆటలలో కొన్ని ఏదో ఒక కన్సోలుపై మాత్రమే లభించును. వెల చెల్లించుటకు సిద్ధముగా ఉన్నను, తన పీసీకి చాలినంత శక్తి ఉన్నను, ఆ ఆట ఈ విద్యార్థికి అందదు. ఈ కట్టడి ఎట్లు పుట్టినది? ఇది యంత్రధర్మమా, లేక మనుష్యులు పెట్టిన నియమమా? చరిత్రను చూచినచో సమాధానము తెలియగలదు.

ఆట, పరికరము వేరైన కాలము

మన పులిజూదమును తీసికొందము. గీతలను గుడి అరుగుపై చెక్కినను, నేలపై బొగ్గుతో గీచినను, ఆట ఒక్కటే. ఆట అనగా నియమముల కూర్పు; రాయి, బొగ్గు కేవలము పరికరములు. తొలి వీడియో ఆటలలో ఈ భేదము లేదు. 1972లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన మాగ్నావాక్స్ ఒడిస్సీ మొదటి గృహ కన్సోలు. రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు ఆలోచన దానికి మూలము. అందులో ఆట యంత్రపు తీగల అమరికలోనే ఇమిడియుండెను. యంత్రమును వీడి ఆట లేదు.

1976లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ, 1977లో అటారీ సంస్థ మైక్రోప్రాసెసరుతో కూడిన కన్సోళ్లను తెచ్చినవి. ఆట ఇపుడు కాట్రిడ్జి అను చిన్న పెట్టెలో ప్రోగ్రాముగా వచ్చెను. పెట్టెను మార్చిన ఆట మారును. దీని ఫలితము వ్యాపారమునందు వెంటనే కనబడినది. జపానులో టైటో సంస్థ 1978లో రూపొందించిన స్పేస్ ఇన్‌వేడర్స్ ఆటను 1980లో అటారీ తన కన్సోలుకు తెచ్చినపుడు, ఆ ఒక్క ఆట కొరకు కన్సోలును కొన్నవారు అనేకులు. మంచి ఆట యంత్రమును అమ్మిపెట్టునని వర్తకులు గ్రహించిరి.

మరియొక సంగతియు బయటపడినది. 1979లో అటారీనుండి వెడలిన కొందరు ప్రోగ్రామర్లు ఆక్టివిజన్ అను సంస్థను స్థాపించి, అటారీ యంత్రమునకే ఆటలు వ్రాసి అమ్మసాగిరి. అటారీ 1980లో న్యాయస్థానమునకు పోయెను. 1982లో రాజీ కుదిరెను. ఒకరు చేసిన యంత్రమునకు వేరొకరు ఆట వ్రాయవచ్చునని దీనితో స్థిరపడినది.

234 అను అంకె

ఇంతకును ఒక యంత్రపు ఆట మరియొక యంత్రముపై ఏల నడువదు? ప్రాసెసరుకు తెలిసినవి అంకెలు మాత్రమే. ప్రతి అంకెయు ఒక ఆజ్ఞ. 1983లో జపానులో వెలువడిన నింటెండో ఫామికామ్ యంత్రములో 6502 జాతికి చెందిన ప్రాసెసరు ఉండెను. 1981 నాటి ఐబీయమ్ పీసీలో ఇంటెల్ 8088 ఉండెను. 234 అను అంకెను మొదటిదానికి ఇచ్చినచో “ఏమియు చేయకుము” అని అర్థము. అదే అంకెను రెండవదానికి ఇచ్చినచో “వేరొక చోటికి దుముకుము” అని అర్థము! ఒక అక్షరమును రెండు భాషలవారు రెండు విధములుగా చదివినట్లన్నమాట. కావున ఆటను రెండవ యంత్రమునకు తిరిగి వ్రాయవలసియుండెను. ఇది పట్టాల వెడల్పు వంటి నిజమైన భేదము.

దీనికి తోడు నింటెండో సంస్థ ఒక తాళమును కూడ బిగించినది. 1985లో అమెరికాకు పంపిన కన్సోలులో ఒక చిప్పును, ప్రతి కాట్రిడ్జిలో దాని జతను అమర్చెను. రెండును ఒకదానినొకటి గుర్తింపనిచో యంత్రము మరల మరల మొదటికి వచ్చును. ఆ చిప్పు కావలెనన్న సంస్థలు ఒప్పందము వ్రాయవలెను: సంవత్సరమునకు 5 ఆటలకు మించరాదు, ఆ ఆటలను రెండు సంవత్సరముల వరకు వేరొక కన్సోలుకు ఇయ్యరాదు. యంత్రభేదమునకు కాగితపు కట్టడి తోడైనది ఇచ్చటనే.

పీసీపై ఆడువారి ఆరాటమునకు ఒక చక్కని ఉదాహరణము 1990లో జరిగినది. ఆనాటి పీసీలు తెరపై దృశ్యమును నున్నగా ప్రక్కకు జరుపలేవని అందరి నమ్మకము. అమెరికాలో జాన్ కార్మాక్ అను యువ ప్రోగ్రామరు తెరనంతయు తిరిగి గీయక, మారిన గడులను మాత్రమే గీయు ఉపాయమును కనుగొనెను. అతడును, సహచరుడైన టామ్ హాలును ఒక్క రాత్రిలో నింటెండో వారి మారియో ఆటలోని మొదటి ఘట్టమును పీసీపై నడిపించిరి. ఆ మిత్రబృందము పిమ్మట ఒక నమూనాను సిద్ధపరచి నింటెండోకు పంపెను. తమ ఆటను పీసీకి ఇచ్చు ఉద్దేశము లేదని ఆ సంస్థ త్రోసిపుచ్చెను. యంత్రము చేయగలదని రుజువైనను తలుపు తెరువబడలేదు. ఆ యువకులు అదే ఉపాయముతో కమాండర్ కీన్ అను తమ సొంత ఆటను ఆ సంవత్సరము డిసెంబరులోనే విడుదలచేసి, 1991లో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించిరి.

యంత్రములు ఒక్కటైనను

కన్సోలు సంస్థల వాదనను కూడ వినుట న్యాయము. కన్సోలును తరచుగా తక్కువ లాభమునకు, ఒక్కొక్కపుడు నష్టమునకు అమ్మి, ఆటలపై వచ్చు వాటాతో ఆ సొమ్మును రాబట్టుకొందురు. లక్షల కన్సోళ్లు ఒకే మాదిరిగా ఉండును గనుక ఆటను పరీక్షించుట తేలిక. పీసీలు వేయి రకములు. పైగా ఆట తయారగుటకు పెట్టుబడి పెట్టినది కన్సోలు సంస్థయే కావచ్చును.

అయితే ఆట తయారీలో నున్నపుడే దారి మళ్లించిన సందర్భములును కలవు. హేలో అను ఆటను 1999లో ఆపిల్ వారి మెకింటాష్ సభలో స్టీవ్ జాబ్స్ ప్రజలకు పరిచయము చేసెను. 2000లో దాని నిర్మాతలైన బంజీ సంస్థను మైక్రోసాఫ్ట్ కొనెను. 2001లో అది మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ కన్సోలుకు అలంకారమై వెలువడెను. పీసీపై ఆడువారికి 2003 వరకు నిరీక్షణ తప్పలేదు.

2013 ఈ కథలో ముఖ్యమైన సంవత్సరము. ఆ యేట వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ అను రెండు కన్సోళ్లలోను ఎ.యమ్.డి. సంస్థ చేసిన ప్రాసెసర్లే ఉన్నవి. అవి పీసీలలోని జాతివే. 234 అను అంకెకు అన్నిటియందు ఇక ఒకే అర్థము! మారిన సాధనములకు ఆటను సరిచూచు శ్రమ ఉన్నను, పట్టాల వెడల్పు దాదాపు సమానమైనది. అయినను గేటు తెరువబడలేదు. 2017లో ప్లేస్టేషనుపై వచ్చిన హొరైజన్ జీరో డాన్ 2020లో పీసీకి చేరెను. అంతకుముందు 2010లో కన్సోళ్లపై వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ పీసీకి చేరినది 2024 అక్టోబరులో. ఆనాడు 10 ఏండ్ల బాలుడు ఆటను చేపట్టునాటికి 24 ఏండ్లవాడై, ఉద్యోగము వెదకుకొనుచుండును. 2015లో వచ్చిన బ్లడ్‌బోర్న్ పది సంవత్సరములు గడచినను పీసీకి రాలేదు.

విజ్ఞానశాస్త్రము ఒక ప్రక్కదారిని చూపినది. తగినంత జ్ఞాపకశక్తి, కాలము ఉన్నచో ఒక సర్వసామాన్య యంత్రము ఏ ఇతర గణనయంత్రమునైనను అనుకరింపగలదని అలన్ ట్యూరింగ్ 1936లోనే నిరూపించెను. ఆ సూత్రముతో కనెక్టిక్స్ అను సంస్థ 1999లో ప్లేస్టేషను ఆటలను మెకింటాష్ కంప్యూటరుపై నడుపు ప్రోగ్రామును అమ్మెను. సోనీ సంస్థ వ్యాజ్యము వేయగా, 2000లో అమెరికా అప్పీలు న్యాయస్థానము కనెక్టిక్స్ పక్షమున తీర్పు చెప్పెను. 2001లో సోనీ ఆ ప్రోగ్రామునే కొని, అమ్మకము నిలిపివేసెను. న్యాయస్థానము తెరచిన తలుపును ధనము మూసినదనవలెను.

హైదరాబాదువాని సాక్ష్యము

ఈ వివాదము చివరకు ఒక తెలుగువాని ముందుకు వచ్చినది. 1967లో హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతియైనాడు. ఆ సంస్థ ఆక్టివిజన్ బ్లిజర్డ్‌ను కొనదలచినపుడు అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘము అభ్యంతరము చెప్పెను. 1979లో అటారీని ఎదిరించిన ఆక్టివిజన్ వారసురాలే ఇది! ఆమె ఆటలు ఇక ఒకే కన్సోలుకు కట్టుబడునా అన్నది ప్రశ్న. 2023 జూన్ 28న శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయస్థానములో నాదెళ్ల సాక్ష్యమిచ్చుచు, తన చేతిలోనున్నచో కన్సోళ్ల ఈ ప్రత్యేక ఆటల పద్ధతినే తీసివేయుదుననియు, కాని పోటీ ఇట్లుండవలెనని నిర్ణయించినది విపణిలో పైచేయిగల సంస్థ యనియు చెప్పెను. అదే యేట ఆయన సంస్థ స్టార్‌ఫీల్డ్ అను ఆటను ఎక్స్‌బాక్సుకు, పీసీకి మాత్రమే ఇచ్చి, ప్లేస్టేషనుకు ఇయ్యలేదు. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన ఉంచి చూచినపుడే ఈ పోటీ బిగువు తెలియును. 2023 అక్టోబరులో ఆ కొనుగోలు పూర్తియైనది. 2024 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ తన ఆటలలో నాలుగింటిని ఇతర కన్సోళ్లకు ఇచ్చుచున్నట్లు ప్రకటించినది.

దీనినిబట్టి మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ఆటను యంత్రమునకు కట్టిన ముడి తొలుత యంత్రధర్మము, తరువాత తాళము, నేడు చాలవరకు ఒప్పందము. యంత్రధర్మమును మార్చుటకు ఇంజనీరు కావలెను. ఒప్పందమును మార్చుటకు మనుష్యుల ఇష్టము చాలును. మాచర్ల మార్గపు పట్టాలు తమంత తాము వెడల్పు కాలేదు. మార్చవలెనని నిశ్చయించినవారు మార్చిరి.