సముద్ర చేపల వేట నియంత్రణ (ఆంధ్రప్రదేశ్)

ఆంధ్రప్రదేశ్ తీరంలో అనుమతి లేకుండా, లెక్కలకు అందకుండా సాగే చేపల వేటను అరికట్టడానికి 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ప్రధాన ఆధారం. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న జలాలను తెప్పలు, నాటు పడవలపై బతికే సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించినందున, యంత్రబలంతో వలలు లాగే మరపడవలు ఆ హద్దు దాటాకే వేటాడాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమైన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలు, మోటారు పడవల వేట నిషిద్ధం. ఉల్లంఘిస్తే మత్స్యశాఖ పడవను స్వాధీనం చేసుకొని జరిమానా విధించవచ్చు. 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ప్రోత్సాహక సంస్థ మాత్రమే కాగా, ప్రాదేశిక జలాల్లో వేటను నియంత్రించే బాధ్యత రాష్ట్రానిదే. నిషేధకాలంలో మత్స్యకారులకు ప్రభుత్వమిచ్చే భృతి సకాలంలో అందితేనే ఈ నియమాలు న్యాయంగా నిలుస్తాయి.