ఉదయగిరి చెక్క స్పూను మీద ఎవరి పేరుంది?

పోయిన ఎపిసోడ్‌లో ఉదయగిరి కోట ఎక్కాం కదా. ఈసారి కొండ దిగి, ఊళ్ళో చెక్క స్పూన్లు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్దాం. దారిలో ఒక విగ్రహం సంగతి చెప్పాలి.

1513లో కోట గజపతుల చేతిలో ఉండగా శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించాడు. ఏడాది దాటాకగానీ లొంగలేదు. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్ళి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. తీసుకెళ్ళిన రాజు పేరు శాసనానికెక్కింది. చెక్కిన శిల్పిని అడిగినవాళ్ళే లేరు.

స్పూన్లదీ అదే కథ. ఉదయగిరిలో ఈ పని ఎక్కువగా ముస్లిం కుటుంబాలది, తరతరాలుగా వస్తోంది. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి లాంటి కర్ర తెచ్చి కోస్తారు, చెక్కుతారు, ఆకురాయితో నునుపు చేస్తారు. స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు. కాడ మీద సన్నటి నగిషీ. ఒక్క చెయ్యి జారిందా, ఫోర్కు పన్ను విరుగుతుంది, పూటంతా పడ్డ కష్టం పొయ్యిలోకే. ఆడవాళ్ళ చేతి పని ఇందులో చాలా ఉంది. కానీ మనం 'కార్మికులు' అనే అంటాం, 'కళాకారులు' అని నోరు రాదు.

భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. వేరే ఊరివాళ్ళు ఈ పేరు పెట్టి అమ్మకూడదు. అయితే అది ఊరి పేరుకి దక్కిన కాపలా. చేసిన మనిషి పేరు స్పూను మీదికి రాలేదు.

కెనడాలో క్రీ తెగవాళ్ళూ, ఆదివాసీ తల్లులకూ యూరప్ బొచ్చు వ్యాపారులకూ పుట్టిన సంతతి అయిన మేటీలూ పూసలతో పూలు కుడతారు. అద్భుతంగా ఉంటాయి. మ్యూజియంవాళ్ళు ఏళ్ళ తరబడి వాటి కింద 'కళాకారులు తెలియదు' అని రాశారు. ఇప్పుడు కొన్నిచోట్ల దాన్ని 'ఒకప్పుడు పేరు తెలిసిన కళాకారులు' అని మార్చారు. నిజమే కదండీ, కుట్టిన రోజున ఆమె పేరు ఊరందరికీ తెలుసు!

నా సంగతీ చెప్పాలి. ఆత్మకూరు మీదుగా వెళ్తూ ఉదయగిరిలో ఒక సెట్టు కొన్నాను. బేరమాడాను, డబ్బులిచ్చాను, బస్సెక్కాను. ఇచ్చినావిడ పేరు అడగలేదు. ఆ గరిటె ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. వచ్చేవాళ్ళు "ఎక్కడిది?" అంటారు, ఉదయగిరి అంటాను. "ఎవరు చేశారు?" అని మొన్న మా పాప అడిగింది.

ఈ నెలలో మళ్ళీ ఉదయగిరి వెళ్తున్నాను. గరిటె కూడా తీసుకెళ్తాను. నగిషీ చూసి ఎవరి చేతిదో వాళ్ళు గుర్తుపట్టొచ్చు.