బాయి మీద చదువు: గోదావరిఖని పఠన స్థలాలు, కట్టడాలు

తెలంగాణ గ్రంథాలయోద్యమ చరిత్ర రాసేవారు 1901 సెప్టెంబర్ 1న, హైదరాబాదులోని రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టిన రోజుతో మొదలుపెడతారు. 1904 హనుమకొండ, 1905 సికింద్రాబాదు గ్రంథాలయాల మీదుగా నడిచి ఆంధ్ర మహాసభ దగ్గర ఆగుతారు. గోదావరి ఒడ్డున ఉన్న బొగ్గు నేల వారి దారిలో తగలదు. గోదావరిఖని ఉన్న రామగుండంలో పేరున్న పాత గ్రంథాలయ భవనం లేదు గనుక అక్కడ రాయదగ్గ పఠన చరిత్ర కూడా లేదని వారు అనుకున్నట్టుంది. ఈ వ్యాసం దాన్ని ఒప్పుకోదు.

ఈ చూపుకు మూలం మాడపాటి హనుమంతరావు 'తెలంగాణ ఆంధ్రోద్యమము'. ఉద్యమంలో మునిగి రాసిన పుస్తకం కాబట్టి దాని విలువ ఎన్నటికీ తగ్గదు. అయితే ఆయన లెక్కలో గ్రంథాలయానికి భాషాభిమానం కావాలి, దాతలు కావాలి, ఒక సంఘం, ఆ సంఘానికో ఇల్లు కావాలి. వకీళ్లు, ఉద్యోగులు నిలబెట్టిన సంస్థలకు ఆ కొలత సరిపోయింది. 1961లో మొదటి గని తెరుచుకున్నాక ఊరైన గోదావరిఖనికి అది ఏ విధంగానూ సరిపోదు. వారం వారం షిఫ్టు మారే, బొగ్గు నింపే కోల్ ఫిల్లరుకు, వేళలు పలక మీద రాసి తలుపులు మూసే పఠన మందిరం ఎంతవరకు అందుతుంది?

మరి అతను ఎక్కడ చదివాడు? దీనికి జవాబు గని ఆవరణలో ఏమేం కట్టారో చూస్తే దొరుకుతుంది. 1952 గనుల చట్టం, 1955 గనుల నియమాలు ఏ గని మీద ఏ కట్టడం ఉండాలో చెప్పేవి. రెస్ట్ షెల్టరు, క్యాంటీను, ఫస్టెయిడ్ గది ఆ జాబితాలో ఉండేవి. రెండు వందల యాభై మందికి మించి పనిచేసే గనికి క్యాంటీను తప్పనిసరిగా ఉండేది. పఠన మందిరం మాత్రం ఆ జాబితాలో లేదు. కానీ అదే చట్టం, తన సారాంశాన్నీ నియమాల సారాంశాన్నీ గని దగ్గర ఇంగ్లీషులోనూ నిర్ణయించిన ఇతర భాషల్లోనూ అతికించాలనేది. అంటే బాయి (గని) మీద యాజమాన్యం విధిగా పెట్టాల్సిన పాఠం నోటీసు బోర్డే. మస్టర్ (హాజరు) పడేచోట, ల్యాంప్ రూమ్ ముందు వరుసలో నిలబడ్డప్పుడు, షెల్టర్లో సద్ది విప్పుకునేటప్పుడు చదువొచ్చినవాడు పైకి చదివితే చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. ముందు వైపు గోడ లేకుండా, గోడల వెంట అరుగులతో ఉండే షెల్టరు గుంపుగా కూర్చోవడానికి అనువైన కట్టడం. ఒకడు చదివితే పదిమంది వినే పద్ధతికి అంతకంటే తగిన నిర్మాణం నాకు కనబడదు.

ఈ చదువు ఎంత దూరం వెళ్లిందో 1981 చెప్తుంది. వేతనాల చెల్లింపు చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం పదిమంది, అంతకు మించి కలిసి నోటీసివ్వకుండా పని మానితే ఎనిమిది రోజుల జీతం దాకా కోసే వీలుండేది. ఆ కోతకు వ్యతిరేకంగా, ఈ గనులను నడిపే సింగరేణి కంపెనీలో 56 రోజుల సమ్మె జరిగింది. ఒక ఉపవాక్యం మీద అన్ని రోజులు నిలబడ్డ జనం ఆ వాక్యాన్ని ఎక్కడో ఒకచోట చదివో, చదివించుకొనో ఉండాలి. నా దృష్టిలో అది గ్రంథాలయోద్యమమే. 1920ల్లో సూర్యాపేటలో గ్రంథాలయ సభ పెట్టినవారి పట్టుదలకు ఇది ఏమాత్రం తీసిపోదు.

షిఫ్టు దిగాక చదువు యూనియన్ ఆఫీసుకు మారేది. కొత్తగూడెంలో శేషగిరి భవన్, గోదావరిఖనిలో భాస్కర్‌రావు భవన్ ఇలాంటివే. దినపత్రిక బల్ల, వరుస కుర్చీలు, గోడల మీద నాయకుల ఫొటోలు కలిస్తే ఆ హాలు పఠన మందిరానికి ఏ విధంగానూ తక్కువ కాదు. తుమ్మేటి రఘోత్తమరెడ్డి 'నల్లవజ్రం' లాంటి నవలలకు పాఠకులు దొరికింది ఇలాంటి హాళ్లలోనే అనడానికి నేను సందేహించను. పట్టణంలో శాఖా గ్రంథాలయం ఉంది, కంపెనీ క్లబ్బుల్లోనూ పత్రికలు దొరికేవి; వాటిని కాదనను.

1960 గ్రంథాలయ చట్టం ఈ ఊరి కార్మికులను ఎందుకు పట్టుకోలేకపోయిందో కూడా ఇక్కడే తేలుతుంది. గ్రంథాలయ సెస్సు ఇంటిపన్ను మీద పడుతుంది. క్వార్టరేమో కంపెనీది. అందులో ముప్పై ఏళ్లు బతికినా ఆ పన్ను రశీదు కార్మికుడి పేరున రాదు. సెస్సు కట్టినట్టు పేరు లేనివాడికి, గ్రంథాలయం తనదని అడిగే అలవాటు కూడా రాలేదు. బొగ్గు బెల్టులో ప్రభుత్వ గ్రంథాలయం వెనుకబడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

భూగర్భ గనులు మూతబడి ఓపెన్‌కాస్టులు విస్తరిస్తున్నకొద్దీ మొదట పోయేవి షెల్టర్లు, ల్యాంప్ రూములు, మస్టర్ కిటికీలు. వారసత్వ కట్టడాల జాబితాలు తయారుచేసేవారు గుడులు, గడీలతో పాటు వీటి కొలతలు తీసుకోవాలి, నోటీసు బోర్డు ఏ గోడకు ఉండేదో గుర్తించాలి, అరుగుల ఎత్తు రాసిపెట్టాలి. ఆ పని ముందు గోదావరిఖని ఒకటో ఇంక్లైన్ (ఏటవాలు గని) నుంచి మొదలుకావాలి.